చిన్న ఆర్ట్ క్విల్ట్‌కు పాత ఫ్రేమ్: అద్దం ఉంచాలా, తీసేయాలా?

జానెడో రెండు జానలో ఉండే ఆర్ట్ క్విల్ట్‌ను, అంటే చిత్రంలా గోడకు పెట్టేందుకు కుట్టిన చిన్న బొంతను, ఊరికే మేకుకు తగిలిస్తే గోడ దాన్ని మింగేస్తుంది. చుట్టూ ఒక ఫ్రేమ్ పడగానే చూపు అక్కడ ఆగుతుంది. దానికోసం కొత్త ఫ్రేమే కొనాలని లేదు. ఎవరో వాడి వదిలేసిన ఫ్రేముల్లో గట్టి కలప, వెడల్పాటి అంచు, కాలంతో నెమ్మదించిన రంగు దొరుకుతాయి. గుడ్డ పక్కన అవి చక్కగా ఒదుగుతాయి. చిక్కల్లా ఏమిటంటే, వాటిలో చాలావరకు ఫోటోల కోసం, ప్రింట్ల కోసం చేసినవి. కాగితానికి మందం ఉండదు. క్విల్ట్ అంటే పై గుడ్డ, మధ్యలో దూది, కింద అస్తరు కలిసి మూడు పొరలు. కాగితానికి సరిపోయిన ఏర్పాటు దీనికి సరిపోదు. అందుకని ఫ్రేమ్ దొరికిన వెంటనే క్విల్ట్‌ను అందులో పెట్టి మూసేయకుండా కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న ఆర్ట్ క్విల్ట్‌కు అద్దం తీసేయండి. గుడ్డ తొడిగిన కాన్వాస్ (పెయింటింగులకు వాడే, చెక్క చట్రానికి బిగించిన బట్ట) మీద క్విల్ట్‌ను కుట్టి, దాని నాలుగు అంచులూ కనిపించేలా ఫ్రేమ్ మధ్యలో పెట్టండి. ఎక్కువ క్విల్ట్‌లకు ఇదే సరైన దారి. ఇది కుదరని సందర్భాలు కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

అద్దం సంగతి

క్విల్ట్‌కు అందం తెచ్చేది రంగులొక్కటే కాదు. కుట్టు వెళ్ళిన చోట గుడ్డ కిందికి దిగుతుంది, కుట్టు లేనిచోట పైకి ఉబ్బుతుంది. వెలుతురు పక్కనుంచి పడితే ఆ ఎత్తుపల్లాల్లో సన్నని నీడలు లేస్తాయి. ఒకే రంగు గుడ్డ మీద ఒకే రంగు దారంతో కుట్టినా డిజైన్ కనిపించేది ఆ నీడల వల్లే. ముందు అద్దం పెడితే కిటికీ మెరుపూ, ఎదుట నిలబడ్డవాళ్ళ ముఖమూ ఆ నీడల మీద పడతాయి. అంత ఓపికగా కుట్టిన పని అద్దం వెనక ఒక ఫోటోలాగే చదునుగా కనబడుతుంది.

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో జోనథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ తాము సేకరించిన అమెరికన్ క్విల్ట్‌లను పెయింటింగుల మాదిరి గోడలకు ఎక్కించి చూపించారు. పరుపు మీద పరిచే వస్తువును కళగా చూడవచ్చని చాలామందికి అప్పుడే తట్టింది. ఫ్రేమ్ విషయంలోనూ పెయింటింగ్ దారే క్విల్ట్‌కు నప్పుతుంది. కాన్వాస్ మీద వేసిన నూనెరంగుల చిత్రాలకు మామూలుగా అద్దం పెట్టరు. వాటి ఫ్రేములు లోతుగా కూడా ఉంటాయి. సెకండ్‌హ్యాండ్ కుప్పలో వెతికేటప్పుడు ఫోటో ఫ్రేముల కంటే ముందు పాత పెయింటింగ్ ఉన్న ఫ్రేముల వైపు చూడండి. బొమ్మ మీకు నచ్చకపోయినా పర్వాలేదు, తీసుకోవాల్సింది చుట్టూ ఉన్న కలపను.

అద్దం నిజంగా అవసరమయ్యే క్విల్ట్‌లూ ఉన్నాయి. పట్టుతో చేసినవి, పాతబడి పీలికలవుతున్న బట్టలు కలిపి కుట్టినవి, మధ్యలో కాగితమో ఎండుటాకో పొదిగినవి, పూసలు, వేలాడే దారాలు ఉండి దుమ్ము దులపడానికి వీల్లేనివి ఈ జాబితాలోకి వస్తాయి. నూనె ఆవిరో పొగో తగిలే గోడ మీద పెట్టాలన్నా, పిల్లల చేతులకు అందే ఎత్తులో ఉన్నా అద్దం ఉండటమే మేలు. మామూలు నూలు క్విల్ట్‌కైతే అద్దం లేకపోయినా శుభ్రం చేయడం కష్టమేం కాదు. పైన పల్చటి నెట్ గుడ్డ అడ్డుపెట్టి, వ్యాక్యూమ్ క్లీనర్‌ను తక్కువ పీల్పులో ఉంచి మెల్లగా పోనిస్తే చాలు.

అద్దం పెట్టదలచుకుంటే మాత్రం ఒక నియమం ఎప్పుడూ తప్పకూడదు: గుడ్డకు అద్దం తగలకూడదు. వాతావరణం చల్లబడినప్పుడు అద్దం లోపలి వైపు తేమ పడుతుంది. తగిలి ఉన్న గుడ్డ ఆ తేమను పీల్చుకుంటుంది. తరవాత మరకలు, ఆపైన బూజు. అది కాకపోయినా నొక్కుకున్న దూది చదునైపోయి, మీరు కుట్టిన ఎత్తుపల్లాలన్నీ పోతాయి. మధ్యలో కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, పూసలూ బొత్తాలూ ఉంటే వాటి ఎత్తును బట్టి ఇంకా ఎక్కువ. ఫ్రేమ్ వెనక ఉండే గాడిలో, అద్దం వెనక నాలుగు వైపులా సన్నని పట్టీలు అతికిస్తే ఈ ఖాళీ వస్తుంది. పట్టీలు ముందరి అంచు చాటున ఉంటాయి కాబట్టి బయటికి కనబడవు. మందపాటి మౌంట్ బోర్డును (బొమ్మ చుట్టూ కనిపించేలా, మధ్యలో కిటికీలా కోసి పెట్టే అట్టను) రెండు మూడు వరసలు పెట్టినా పనవుతుంది.

గాజుకు బదులు యాక్రిలిక్, అంటే గాజులాంటి ప్లాస్టిక్ పలక, వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. బరువు విషయంలో యాక్రిలిక్‌దే పైచేయి. 2 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 5 కిలోలు తూగుతుంది. అంటే 40×50 సెంటీమీటర్ల ఫ్రేమ్‌లో అద్దం ఒక్కటే కిలో. అదే మందం యాక్రిలిక్ అందులో సగం కూడా ఉండదు, అంత సులువుగా పగలదు. కానీ దీనికి స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పడుతుంది. కోసిన అంచుల నుంచి లేచిన పోగులు, వదులుగా వదిలిన దారాలు పైకి లేచి దానికి అంటుకుంటాయి. అలాంటి క్విల్ట్‌కు గాజే మంచిది. సెకండ్‌హ్యాండ్‌లో దొరికే యాక్రిలిక్ మీద గీతలు లేకుండా ఉండటం కూడా అరుదు. ఒకవేళ వాడితే, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో మాత్రం తుడవకండి, మసకబారిపోతుంది.

ఇక రంగు వెలవడం. అద్దం ఉంటే రంగు వెలవదనే ధీమా పెట్టుకోవద్దు. మామూలు గాజు అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్ని మాత్రమే ఆపుతుంది. వాటిని దాదాపు పూర్తిగా ఆపే ప్రత్యేకమైన గాజు దొరుకుతుంది కానీ, కంటికి కనిపించే వెలుతురు కూడా రంగును తినేస్తుంది. మ్యూజియంలు బట్టల మీద వెలుతురును 50 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) దగ్గర ఉంచేది అందుకే, అది బాగా మసక వెలుతురు. పైగా వెలిసిన రంగు తిరిగి రాదు. కాబట్టి ఖరీదైన అద్దం గురించి టెన్షన్ పడేకంటే ఎండ నేరుగా పడని గోడను ఎంచుకోండి. క్విల్ట్‌లను కొన్ని నెలలకోసారి మార్చి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఫ్రేమ్ అదే ఉంటుంది, లోపలిది మారుతుంది.

స్కేలు పట్టుకుని వెళ్ళండి

ఫ్రేమ్ ముందు నుంచి ఎంత అందంగా ఉన్నా, నిర్ణయం చేయాల్సింది బోర్లించి చూశాకే. వెనక వైపు లోపలి అంచున మెట్టులా ఒక గాడి ఉంటుంది. అద్దం, బొమ్మ, అట్ట అన్నీ అందులోనే కూర్చుంటాయి. దాని లోతును స్కేలుతో కొలవండి. మామూలు ఫోటో ఫ్రేముల్లో అది తరచుగా 8 నుంచి 10 మిల్లీమీటర్లే ఉంటుంది.

ఇప్పుడు లోపలికి వెళ్ళేవి కలపండి. పల్చటి దూదితో దట్టంగా కుట్టిన క్విల్ట్ 4 మిల్లీమీటర్లు అనుకుందాం. దాన్ని కుట్టే బోర్డు 3. వెనక మూసే అట్ట 3. అద్దం లేకుండా మొత్తం 10. సాధారణ ఫ్రేమ్‌లో ఇరుకుగానైనా పడుతుంది. దీనికి అద్దం 2, ఖాళీ 6 కలిపితే 18 అవుతుంది. మామూలు ఫోటో ఫ్రేమ్ అంత లోతు ఉండదు. అద్దం వద్దని నేను గట్టిగా చెప్పడానికి నీడల తరవాత రెండో కారణం ఈ లెక్కే. లోతు చాలని ఫ్రేమ్‌లో అద్దాన్ని బలవంతంగా ఇరికిస్తే, చివరికి నలిగేది క్విల్టే.

ఫ్రేమ్ మరీ నచ్చితే లోతు పెంచుకునే మార్గం ఉంది. వెనక నాలుగు వైపులా 10 మిల్లీమీటర్ల చెక్క బద్దలు జిగురుతో అతికించి, సన్న మేకులు కొడితే గాడి అంత లోతు అవుతుంది. బద్దల పక్కలకు ఫ్రేమ్ రంగే వేస్తే కలిసిపోతుంది. అంచు వెడల్పు ఉన్న ఫ్రేములకు ఇది బాగా కుదురుతుంది. అంచు రెండు సెంటీమీటర్ల కంటే సన్నగా ఉంటే పక్కనుంచి చూసినప్పుడు ఈ అతుకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, వదిలేయండి. పెట్టెలా లోతుగా ఉండే షాడో బాక్స్ ఫ్రేమ్ ఎక్కడైనా కంటపడితే ఆలోచించకుండా తీసుకోండి. పూసల పని, ఉబ్బెత్తు అప్లిక్ (పైన పెట్టి కుట్టిన గుడ్డ ముక్కలు) ఉన్న క్విల్ట్‌కు దాన్ని మించింది లేదు.

లోతుతో పాటు కొలవాల్సినది ఇంకొకటి ఉంది. ఫ్రేమ్ సైజు అని చెప్పేది గాడి సైజు. కళ్ళకు కనిపించే కిటికీ అంతకంటే చిన్నది. 8×10 అంగుళాల ఫ్రేమ్‌లో నాలుగు వైపులా సుమారు 6 మిల్లీమీటర్ల చొప్పున లోపలికి పోతుంది. క్విల్ట్‌ను సరిగ్గా 8×10కి కుట్టి అందులో పెడితే, చుట్టూ శ్రద్ధగా వేసిన బైండింగ్ (అంచును కప్పుతూ కుట్టే గుడ్డ పట్టీ) మొత్తం అంచు చాటుకు వెళ్తుంది.

అందుకే ముందు ఫ్రేమ్ కొని, తరవాత దానికి తగ్గట్టు క్విల్ట్ కుట్టడం హాయి. పాత ఫ్రేముల్లో చాలావరకు స్టాండర్డ్ సైజుకు కుదరవు. కుట్టిన క్విల్ట్‌కు సరిపడే ఫ్రేమ్ కోసం తిరగడం కంటే ఉన్న ఫ్రేమ్‌కు సరిపడా కుట్టుకోవడం సులువు. కాకపోతే దట్టంగా కుట్టేకొద్దీ క్విల్ట్ కుదించుకుపోతుంది. మొదట చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచుకుని, కుట్టడం పూర్తయ్యాకే కొలతకు కత్తిరించండి.

ఫ్రేమ్‌లో నిలబెట్టే పద్ధతులు

అందరూ మొదట చేసేది క్విల్ట్ అంచుల్ని ఫోటోలాగే గాడిలోకి తోసి వెనక మూసేయడం. దీనివల్ల లాభం, అంచులకు ఏ పనీ చేయక్కర్లేదు. కోసిన అంచు, కాస్త వంకరగా వచ్చిన పక్క, అన్నీ దాగిపోతాయి. ప్రాక్టీసు కోసం కుట్టిన ముక్కలకు, ఫ్రేమ్ కొలతకే కుట్టినవాటికి ఇది చాలు. కానీ డిజైన్ అంచుదాకా పాకిన క్విల్ట్‌ను ఇలా పెడితే నాలుగు వైపులా కొంత కోల్పోతుంది. చూసేవాళ్ళకు అది మూడు పొరల వస్తువని కూడా తెలియదు, అచ్చేసిన గుడ్డ అనుకుంటారు.

రెండోది చెక్క చట్రం మీద క్విల్ట్‌ను కాన్వాస్‌లా లాగి వెనక్కి మడిచి స్టేపుల్ పిన్నులు కొట్టడం. చూడటానికి బిగుతుగా, నీటుగా ఉంటుంది. నాకిది నచ్చదు. చుట్టూ కనీసం 5 సెంటీమీటర్ల గుడ్డ వెనక్కి పోవాలి, లాగేటప్పుడు తిన్నని గీతలు విల్లులా వంగుతాయి, మూలల్లో మూడు పొరలు మడతపడి ఉబ్బెత్తుగా నిలుస్తాయి. మొదటినుంచీ ఇలా పెట్టాలనుకుని చుట్టూ ఖాళీ గుడ్డ వదిలి కుట్టినవాళ్ళకే ఇది పనికొస్తుంది.

ఫ్రేమ్ వెనక అట్టే లేకుండా ఖాళీ చట్రంలో క్విల్ట్‌ను వేలాడదీసేవాళ్ళూ ఉన్నారు. వెనక పై అంచున చిన్న గొట్టంలా గుడ్డ కుట్టి, సన్నని కడ్డీ దూర్చి, కడ్డీ చివరల్ని ఫ్రేమ్‌కు బిగిస్తారు. వెనకున్న గోడ రంగు చుట్టూ కనబడుతుంది. ఆకారం చతురస్రమో దీర్ఘచతురస్రమో కాని క్విల్ట్‌లకు, అంచులు అలలుగా కత్తిరించినవాటికి ఇది ముచ్చటగా ఉంటుంది. తరచూ మార్చుకోవడానికీ వీలు. కింది మూలలు ముందుకు వంకర తిరగడం దీనిలో ఉన్న లోపం. చిన్నవాటికే వాడండి.

నేను సిఫారసు చేసేది కాన్వాస్ పద్ధతి. రెడీమేడ్‌గా దొరికే కాన్వాస్ ఒకటి గాడి సైజుకు తీసుకోండి. ఉతికి ఆరేసిన నూలు గుడ్డో లినెనో దాని మీద బిగుతుగా తొడిగి వెనక స్టేపుల్ పిన్నులు కొట్టండి. ఈ గుడ్డే క్విల్ట్ చుట్టూ మౌంట్‌లా కనిపిస్తుంది కాబట్టి రంగు నెమ్మదిగా ఉండాలి. క్విల్ట్‌ను మధ్యలో పెట్టి నాలుగు వైపులా దూరం కొలిచి, గుండుసూదులతో నిలపండి. అప్పుడు సూదిని కాన్వాస్ వెనకనుంచి పైకి తెచ్చి, క్విల్ట్ అస్తరును, కొంచెం దూదిని మాత్రమే పట్టుకుని తిరిగి వెనక్కి దించండి. పై గుడ్డ దాకా సూది రాకూడదు. ముందువైపు నుంచి చూస్తే ఒక్క కుట్టూ కనబడకూడదు. అంచుకు కాస్త లోపలగా, రెండు మూడు సెంటీమీటర్లకు ఒక కుట్టు చాలు. బరువంతా పై అంచు మీదే ఉంటుంది కనుక అక్కడ కుట్లు దగ్గరగా వేయండి. దారాన్ని మరీ బిగించి లాగితే అంచు గుంటలు పడుతుంది, క్విల్ట్ ఆనుకుని నిలిస్తే చాలు.

కాన్వాస్ చట్రానికి దాదాపు రెండు సెంటీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి దీనికి పెయింటింగ్ ఫ్రేమే కావాలి. ఫోటో ఫ్రేమ్ అయితే అదే పనిని యాసిడ్-ఫ్రీ (ఆమ్లం లేని) బోర్డు మీద చేయండి. బోర్డులోకి సూది దిగదు, ముందే దబ్బనంతో చిల్లులు పెట్టుకోవాలి.

గ్లూ గన్, రెండు వైపులా అంటుకునే టేపు జోలికి మాత్రం పోకండి. వేడి జిగురు ఎండాకాలంలో మెత్తబడి పట్టు వదులుతుంది. టేపు జిగురు కాలక్రమేణా పసుపెక్కి గుడ్డలోకి ఇంకుతుంది, ఆ మరక పోదు. కుట్టు అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు కత్తిరించి క్విల్ట్‌ను చెక్కుచెదరకుండా బయటికి తీయొచ్చు.

ఈ పద్ధతిలో అంచులు బయటికి కనబడతాయి కాబట్టి వాటి ముగింపు ముఖ్యం. బైండింగ్ వేస్తే క్విల్ట్ చుట్టూ ఒక గీత వస్తుంది, దాని చుట్టూ ఫ్రేమ్ ఇంకో గీత. రెండూ పోటీపడతాయి. అంచు గుడ్డను వెనక్కి తిప్పి కుట్టే ఫేసింగ్ అయితే డిజైన్ అంచుదాకా స్వేచ్ఛగా పాకుతుంది, గీత గీసే పని ఫ్రేమ్‌దే అవుతుంది.

చుట్టూ ఎంత ఖాళీ వదలాలనే దానికి పెద్ద లెక్కలేం లేవు. చిన్న క్విల్ట్‌కు ఎక్కువ ఖాళీ కావాలి. 2.5×3.5 అంగుళాల ట్రేడింగ్ కార్డు సైజువి, 4×6 పోస్ట్‌కార్డు సైజువి వాటికంటే రెండు మూడు రెట్లు పెద్ద ఫ్రేమ్‌లో పెట్టి చూడండి. మంత్రిస్తే మారినట్టు మారిపోతాయి. A4 సైజుకైతే చుట్టూ మూడు నాలుగు సెంటీమీటర్లు సరిపోతాయి.

పాత ఫ్రేమ్‌తో వచ్చే పాత సమస్యలు

ఎదురెదురు మూలల్ని పట్టుకుని మెల్లగా మెలితిప్పి చూడండి. కదులుతుంటే మూలలు విప్పి మళ్ళీ అతికించాల్సి వస్తుంది. ఆ ఓపిక లేకపోతే వదిలేయండి. కలపలో గుండుసూది తలంత చిల్లులుండి, తట్టితే సన్నటి పొడి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉండొచ్చు. ఎంత అందంగా ఉన్నా ఇంటికి తేవద్దు. అనుమానం తప్ప ఆనవాలు లేని మామూలు చెక్క ఫ్రేమ్ అయితే, గాలి చొరబడకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇంటి ఫ్రీజర్‌లో −18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా కవర్ విప్పకండి, లేకపోతే తేమ కలప మీద పడుతుంది. పూతపూసిన, సుద్ద నగిషీ ఉన్న ఫ్రేములకు ఈ పద్ధతి పనికిరాదు, పగుళ్ళు వస్తాయి.

లోపలున్న అట్టలన్నీ తీసి పారేయండి. ఇందులో మినహాయింపు లేదు. పాత మౌంట్‌ను కిటికీలా కోసిన చోట ఆ కోత తెల్లగా కాక గోధుమరంగులో ఉంటే, అట్టలో ఆమ్లం పుట్టిందని అర్థం. అది గుడ్డకు ఎక్కితే గుడ్డా అలాగే మారుతుంది. వెనక ఉండే గోధుమరంగు అట్ట కూడా అంతే. కొత్తగా పెట్టేది యాసిడ్-ఫ్రీ బోర్డు అయి ఉండాలి. కలపలోనూ ఆమ్లం ఉంటుంది, ముఖ్యంగా ఓక్‌లో. గాడి లోపలి వైపు అల్యూమినియం ఫాయిల్ టేపు అతికిస్తే అది గుడ్డను చేరదు. వార్నిష్ వేస్తే వాసన పూర్తిగా పోయేదాకా, అంటే కొన్ని వారాలు, ఆగి ఆ తరవాతే క్విల్ట్ పెట్టండి.

పాత రంగును పొడిగా ఉప్పుకాగితంతో రుద్దకండి. పాతకాలం పెయింట్లలో సీసం ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. బంగారు పూత నగిషీలను తడిగుడ్డతో తుడిచినా నష్టమే, లోపలున్న సుద్ద కరిగి ఊడివస్తుంది. మెత్తని పొడి బ్రష్ చాలు. అద్దం తీసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. పాత గాజు పల్చగా ఉంటుంది, తుప్పుపట్టిన మేకు లాగేటప్పుడు చటుక్కున పగులుతుంది.

నగిషీ ఫ్రేమా, సాదా ఫ్రేమా అన్నది క్విల్ట్‌ను బట్టి తేల్చుకోవాలి. రంగులూ ముక్కలూ ఎక్కువున్న క్విల్ట్‌కు సాదా చెక్క అంచు కావాలి. ఒకే రంగులో, కుట్టు మీదే ఆధారపడ్డ క్విల్ట్ నగిషీ ఫ్రేమ్‌లో రాణిస్తుంది. వరసగా పెట్టాలనుకుంటే ఫ్రేములన్నీ ఒకేలా ఉండక్కర్లేదు. లోపలి మౌంట్ గుడ్డ అన్నింటికీ ఒకటే వాడితే అవి ఒక కుటుంబంలా కలిసిపోతాయి.

తగిలించేందుకు పాత కొక్కేలను నమ్మకండి, తుప్పుపట్టి ఉంటాయి. పై అంచునుంచి మూడో వంతు కిందికి, రెండు పక్కలా కొత్త డి-రింగులు (D ఆకారపు లోహపు రింగులు) బిగించి తీగ కట్టండి. కింది రెండు మూలల వెనక చిన్న ఫెల్ట్ బిళ్ళలు అతికిస్తే గోడకూ ఫ్రేమ్‌కూ మధ్య గాలి ఆడుతుంది, తేమ గోడ అయినా క్విల్ట్‌కు చెమ్మ పట్టదు. మీ పేరు, సంవత్సరం, ఏ గుడ్డ, ఏ దూది వాడారో రాసిన లేబుల్‌ను ఫ్రేమ్ వెనక అతికించకండి. క్విల్ట్ అస్తరు మీదే కుట్టండి, రేపు ఫ్రేమ్ మారినా అది క్విల్ట్‌తోనే ఉంటుంది.